నల్లగొండ, పాలమూరు ఎండల్లో నిలిచే పూల మొక్కలు: గుంత తీయడం నుంచి రెండో ఎండాకాలం దాకా

"నీళ్లు తక్కువైనా బతుకుతుందని నర్సరీలో చెప్తేనే తెచ్చాం. రెండు నెలల్లో ఎండిపోయింది, ఎందుకు?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఎండిన మొక్కను పీకి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వేర్లు ఇంకా నర్సరీ కవర్ ఆకారంలోనే చుట్టుకుని ఉంటాయి, లేదంటే నల్లబడి కుళ్లి ఉంటాయి.

గన్నేరుకో తంగేడుకో ఎండను తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంది. అది పనిచేయాలంటే వేరు అడుగున్నర, రెండడుగుల లోతుకు దిగాలి. అలా దిగడానికి ఒక వానకాలం, ఒక చలికాలం కావాలి. అంటే మొదటి ఏడాది అది మామూలు మొక్కే, నీళ్లు అడుగుతుంది. రెండో ఎండాకాలం నుంచే మీకు పని తగ్గుతుంది. కింద రాసిన పద్ధతి అంతా ఆ వేరును లోతుకు దింపడం కోసమే.

## 1. ముందు నేల సంగతి తేల్చుకోండి

మన దగ్గర ఇళ్ల చుట్టూ ఎక్కువగా ఉండేది ఎర్ర చల్కా, దుబ్బ నేల, అంటే ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేలలు. గద్వాల, అలంపూర్, మక్తల్ వైపు వెళ్తే నల్లరేగడి తగులుతుంది. కొత్త ప్లాట్లలో ఇంకో రకం ఉంటుంది: బేస్‌మెంట్ నింపడానికి తోలిన మొరం, ఇటుక పెళ్లలు, గట్టిపడ్డ సిమెంటు. దాన్ని నేల అనుకుని మొక్క పెడితే నష్టపోతారు. గుంత వరకైనా ఆ సరుకంతా తీసేసి, పొలం మట్టి నింపాలి.

నీరు ఇంకే తీరు ఇలా చూడండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి పూర్తిగా ఇంకాక మళ్లీ నింపండి. ఈ రెండోసారే లెక్క.

- గంట రెండు గంటల్లో ఇంకిపోతే వట్టి చల్కా. ఈ మొక్కలకు బాగుంటుంది, కానీ తేమ నిలవదు. పెంట ఎరువు, పైన కప్పు తప్పనిసరి.
- సాయంత్రం నింపిన నీళ్లు రాత్రికల్లా ఇంకితే మంచి నేల. ఏదైనా పెట్టొచ్చు.
- తెల్లారినా నీళ్లు నిలిచి ఉంటే నేల మట్టానికి మొక్క పెట్టొద్దు. అడుగు ఎత్తు మడి కట్టి దాని మీద నాటండి.

రేగడిలో రెండు తట్టల ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. రేగడి గుణం మారాలంటే లారీల్లో ఇసుక పోయాలి. మడి ఎత్తు పెంచడం అంతకన్నా చవక.

చల్కాలో ఇంకో చిక్కు ఉంది. అడుగు, అడుగున్నర కింద గట్టి మొరం పొర తగులుతుంది. పైన ఎంత మంచి మట్టి పోసినా, ఆ పొర పగలకపోతే గుంత తొట్టిలా మారుతుంది. వానకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, ఎండాకాలంలో లోతుకు పోవడానికి దారి ఉండదు. గడ్డపారతో అడుగున నాలుగైదు చోట్ల గట్టిగా పొడిచి పగలగొట్టండి. కష్టమైన పనే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

పెద్ద తోట వేసే ఆలోచన ఉంటే మట్టి పరీక్ష చేయించండి. నల్లగొండ వాళ్లకు కంపాసాగర్, సూర్యాపేట వాళ్లకు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పీహెచ్, లవణాల శాతం అడిగి రాయించుకోండి.

## 2. ఏ నీళ్లు పోస్తున్నారో చూసుకోండి

ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. నల్లగొండ జిల్లాలో సగం సమస్యలకు మూలం ఇక్కడే ఉంది.

బోరు నీళ్లు పట్టే బకెట్ అంచున, నల్లా మూతి దగ్గర తెల్లటి పొర కడుతుందా? అయితే ఆ నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. రోజూ కొంచెం కొంచెం పోస్తే నీరు ఆవిరైపోయి ఉప్పు పైపొరలోనే మిగిలిపోతుంది. ఆకు కొసలు మాడిపోతాయి. మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పుడు "నీళ్లు చాలట్లేదేమో" అని ఇంకా పోస్తారు, ఉప్పు ఇంకా పెరుగుతుంది.

మునుగోడు, మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి షో మొక్కల కొసలు మాడేది ఫ్లోరైడ్ వల్ల కూడా కావచ్చు. గన్నేరు, కాగితం పూలు, తంగేడు లాంటి మొరటు పొదలకు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

వాడదగ్గ నీళ్లు:

- స్లాబు మీద పడ్డ వాన నీరు. 1000 చదరపు అడుగుల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లకు పైగా నీరు వస్తుంది. పైపును మడివైపు తిప్పితే చాలు, మట్టిలో పేరుకున్న ఉప్పు కూడా కిందికి దిగిపోతుంది.
- ఏసీ నుంచి కారే నీళ్లు. వీటిలో లవణాలు దాదాపు ఉండవు. కుండీల్లోని అడీనియంకు (ఎడారి గులాబి) దాచి పోయండి.
- బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు.

వాడకూడనివి:

- ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే వేస్ట్ నీళ్లు. బోరులో ఉన్న ఉప్పే అందులో ఇంకా చిక్కగా ఉంటుంది. ఇంటింటికీ ఫిల్టర్ ఉన్న ఊళ్లలో ఈ పైపును నేరుగా మొక్క మొదట్లో వదిలేయడం మామూలైంది. బండలు, బాత్‌రూమ్ కడుక్కోవడానికి వాడండి.
- సాఫ్ట్‌నర్ గుండా వచ్చిన నీళ్లు. మెత్తగా ఉన్నా సోడియం ఎక్కువ.
- సర్ఫ్, బ్లీచింగ్ కలిసిన బట్టల నీళ్లు.

## 3. ఏ మొక్క తేవాలి

జాబితా పొడుగ్గా రాయొచ్చు కానీ, ఈ ఎండల్లో నిజంగా నిలిచేవి కొన్నే.

కళ్లు మూసుకుని పెట్టదగ్గవి

గన్నేరు: ఎరుపు, గులాబీ, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. ఎండ, ఉప్పు నీళ్లు, రోడ్డు దుమ్ము అన్నీ భరిస్తుంది. 5 నుంచి 6 అడుగుల దూరం ఇవ్వండి. చెట్టంతా విషమే. బర్రెల కొట్టం పక్కన పెట్టొద్దు, కొట్టిన కొమ్మలు పశువులకు అందేలా పడేయొద్దు, పొయ్యిలో కాల్చొద్దు. పచ్చగన్నేరు కాయలు ఇంకా ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దనే చెప్తాను.

కాగితం పూలు: 6 నుంచి 8 అడుగుల దూరం. ప్రహరీ మీదికి పాకించొచ్చు. పొద్దంతా ఎండ ఉండాలి, నీడలో ఆకులు తప్ప పూలు రావు.

తంగేడు: రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు కావాల్సిన పువ్వు. అయినా నర్సరీలో అడిగితే వింతగా చూస్తారు. గింజ నుంచి పెంచుకోవాలి, ఆ పద్ధతి చివర్లో రాశాను. మేకలు దీన్ని పెద్దగా ముట్టవు.

రత్నగంధి: ఎరుపు, పసుపు కలిసిన పూలు, తొందరగా పెరుగుతుంది. 5 అడుగుల దూరం.

దేవగన్నేరు: చిన్న చెట్టవుతుంది, 12 అడుగులైనా ఖాళీ ఉండాలి. చలికాలంలో ఆకు మొత్తం రాలుస్తుంది. చచ్చిపోయిందని నీళ్లు పోస్తే అప్పుడు నిజంగానే చస్తుంది.

డిసెంబర్ పూలు, ముళ్లగోరింట: రెండడుగుల దూరంలో వరసగా పెడితే మంచి కంచె. కొంచెం నీడ ఉన్నా ఫర్వాలేదు.

బిళ్ళగన్నేరు: అడుగు దూరం. ఒక్కో మొక్క రెండు మూడేళ్లకు ముసలిదై పూలు తగ్గుతుంది, కానీ గింజ రాలి తనే మొలుస్తుంది. బండ సందుల్లో మొలిచినవాటిని వానలో తీసి నాటుకోవచ్చు.

రెయిన్ లిల్లీ: ఎండాకాలం గడ్డ భూమిలో నిద్రపోతుంది. మంచి వాన పడ్డ కొద్ది రోజులకే పూలు లేస్తాయి. దారి అంచులకు బాగుంటుంది.

అడీనియం, ముళ్ల యూఫోర్బియా కుండీలకు పనికొస్తాయి. రెంటి పాలూ చర్మానికి, కళ్లకు మంచివి కావు. కత్తిరించాక చేతులు కడుక్కోండి.

కొంచెం ఎక్కువ నీళ్లు అడిగేవి: నందివర్ధనం, మందారం, పారిజాతం, మల్లె. మధ్యాహ్నం నీడ పడే తూర్పువైపు వీటికి ఇవ్వండి. కోతుల బెడద ఉన్న ఊళ్లో మందారం పెట్టేవాళ్లు మొగ్గల మీద ఆశ వదులుకోవాలి.

ఇక్కడ వద్దనుకునేవి: నూరువరహాలు చూడ్డానికి మొరటుగా కనిపిస్తుంది కానీ బోరు నీళ్లకు ఆకు పసుపు రంగుకు తిరిగి ఏటా మందు అడుగుతుంది. గులాబి, చామంతి, కనకాంబరం ఆగకుండా తేమ ఉంటేనే పూస్తాయి. లాంటానా ఎండకు నిలుస్తుంది, నిలిచి పక్క చేలల్లోకి, గుట్టల మీదికి పాకిపోతుంది. తేవొద్దు.

నర్సరీలో చూసుకోవాల్సినవి:

- పూలు విరగబూసిన పెద్ద మొక్క కన్నా, అడుగు, అడుగున్నర ఎత్తున్న గుబురు మొక్క మంచిది. తొందరగా వేరు పడుతుంది.
- కవర్ అడుగున లావు వేర్లు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే తీసుకోవద్దు.
- మొదలు పట్టి మెల్లగా కదిపితే మట్టితో పాటు కదలాలి. మొక్క ఒక్కటే ఊగితే నిన్నో మొన్నో కవర్ మార్చినట్టు.
- ఆకు అడుగున తెల్లటి పిండి, సన్నటి బూజు ఉన్నాయేమో తిప్పి చూడండి.
- గ్రీన్ నెట్ కింద పెరిగిందా, ఎండలో ఉందా అడగండి. నెట్ కిందిదైతే ఇంటికి తెచ్చాక వారం పది రోజులు పొద్దుటి ఎండలో మాత్రమే ఉంచి అలవాటు చేయాలి.

## 4. గుంతలు: రోహిణి కార్తెలో పని

వానలు పడ్డాక గుంత తీద్దామనుకుంటే అప్పటికి ఆలస్యమే. మే చివర్లో తీసి, రెండు వారాలైనా ఎండకు వదిలేయండి. పురుగు గుడ్లు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి.

పొదలకు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. బిళ్ళగన్నేరు, డిసెంబర్ పూలకు అడుగు చాలు. ప్రహరీ గోడకు కనీసం రెండున్నర అడుగులు ఎడం ఉంచండి. పడమటి ఎండకు కాగిన గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంది.

పైన తీసిన అడుగు మట్టిని ఒక పక్క, కింది మొరాన్ని ఇంకో పక్క పోయండి. నింపేటప్పుడు పై మట్టి రెండు తట్టలకు బాగా మాగిన పెంట ఎరువు ఒక తట్ట, గుంతకు 200 గ్రాముల వేపపిండి కలపండి. మొరం తిరిగి వేయొద్దు, పాదు గట్టుకు వాడుకోండి.

పచ్చి పెంట వేస్తే చెదలు వస్తాయి, వేరు కూడా మాడుతుంది. చేతిలోకి తీసుకుంటే వాసన లేకుండా, పొడిపొడిగా రాలాలి. ఎరువు మరీ ఎక్కువ వేసినా మేలు కాదు: గుంతలోనే సుఖంగా ఉంటే వేరు బయటి నేలలోకి పోదు.

## 5. నాటే రోజు

మృగశిర తొలి జల్లుకే నాటేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. మన దగ్గర జూన్ మొదట ఒక వాన పడి, తర్వాత రెండు మూడు వారాలు మొహం చాటేయడం మామూలే. నేలలో పార దించి చూడండి, అడుగు లోతు దాకా తేమ ఉంటే నాటండి. ఎక్కువ ఏళ్లలో అది జూన్ ఆఖరు నుంచి జూలైలో వస్తుంది. ఆగస్టు చివరి దాకా వీలుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మాత్రం, నర్సరీ వాళ్లు ఎంత చెప్పినా వద్దు.

మబ్బు పట్టిన రోజు, లేదా సాయంత్రం 4 తర్వాత మొదలుపెట్టండి.

1. నాటడానికి గంట ముందు కవర్‌లో మొక్కకు నీళ్లు పోయండి. ఎండిన మట్టిగడ్డ విడిపోతుంది.
2. గుంతను మట్టి మిశ్రమంతో నింపి, ఒక బకెట్ నీళ్లు పోసి కుంగనివ్వండి. మొక్క పెట్టాక కుంగితే మొదలు పల్లంలో పడుతుంది.
3. కవర్‌ను బ్లేడుతో నిలువునా కోసి తీయండి. లాగొద్దు. కవర్‌తో పాటే నాటేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మొక్క బతికినా పెరగదు.
4. వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వేళ్లతో విప్పండి, మరీ బిగుసుకుని ఉంటే మట్టిగడ్డకు మూడు పక్కల నిలువుగా గాట్లు పెట్టండి. కాగితం పూల మొక్కకు ఇది చేయకూడదు. దాని వేరు సున్నితం, గడ్డ చెదరకుండా అలాగే దించండి.
5. కవర్‌లో ఎంత లోతులో ఉందో అంతే లోతులో నాటండి. మొదలు మట్టిలో కూరుకుపోకూడదు.
6. చుట్టూ మట్టి వేసి చేత్తో అదమండి. కాలితో తొక్కొద్దు.
7. రెండడుగుల వెడల్పు పాదు చేయండి. మొక్క మొదట్లో చిన్న మట్టి దిబ్బ ఉంచండి, నీళ్లు పాదులో నిలవాలి కానీ కాండాన్ని తాకకూడదు.
8. 10 లీటర్లు నెమ్మదిగా పోయండి. మట్టి దిగిన చోట మళ్లీ నింపండి.

రేగడి నేలలో పెద్ద వానల రోజుల్లో పాదు గట్టుకు ఒక వైపు గండి కొట్టి ఉంచండి.

ఊరి మేకలు తిరిగే చోట మొదటి ఆరు నెలలు ముళ్ల కంప వేయక తప్పదు. గన్నేరు, బిళ్ళగన్నేరు జోలికి అవి రావు గానీ కాగితం పూలు, మందారం చిగురు దొరికితే వదలవు.

## 6. మొదటి ఏడాది నీళ్లు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పొద్దున్నే పైపు పట్టుకుని ఒక్కో మొక్కకు అర నిమిషం నీళ్లు చల్లి వెళ్లడం ఇంటింటా చూస్తాం. ఆ నీరు రెండు అంగుళాలు దాటి దిగదు. వేరు కూడా ఆ రెండు అంగుళాల్లోనే పరుచుకుంటుంది. ఏప్రిల్‌లో ఆ పొర కాలిపోతుంది. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే మొక్క ఉండదు.

కాబట్టి పోసినప్పుడు లోతుగా పోయండి, తర్వాత ఆగండి. చల్కా నేలలో పొద ఒక్కదానికి సుమారు లెక్క ఇది. వాన పడితే ఆ వంతు వదిలేయండి.

- మొదటి రెండు వారాలు: రెండు మూడు రోజులకోసారి 5 లీటర్లు.
- రెండో నెల చివరి దాకా: నాలుగైదు రోజులకోసారి 8 నుంచి 10 లీటర్లు.
- అక్టోబర్ నుంచి జనవరి: వారం, పది రోజులకోసారి 15 లీటర్లు.
- ఫిబ్రవరి నుంచి మొదటి ఎండాకాలం అంతా: వారానికోసారి 15 నుంచి 20 లీటర్లు. మే నెల వడగాలుల్లో ఐదు రోజులకోసారి.
- రెండో ఎండాకాలం: పది, పదిహేను రోజులకోసారి 20 లీటర్లు.

బిళ్ళగన్నేరు లాంటి చిన్నవాటికి మూడో వంతు చాలు. రేగడిలో గడువు దాదాపు రెట్టింపు చేయండి. దేవగన్నేరు ఆకు రాల్చాక చిగురు వేసేదాకా నీళ్లు ఆపేయండి.

ఈ అంకెలు గుడ్డిగా పట్టుకోవద్దు. సన్నటి ఇనుప చువ్వను పాదులో గుచ్చండి. తడి మట్టిలో సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగుతుంది. నీళ్లు పోసిన మర్నాడు అడుగు దాకా దిగితే మీ మోతాదు సరిపోయింది. మళ్లీ పోసే ముందు పై నాలుగు అంగుళాలు ఎండాయో లేదో చూసుకోండి.

మధ్యాహ్నం 2 గంటలకు ఆకు వాలితే కంగారు పడొద్దు, అది ఎండకు చేసే సర్దుబాటు. తెల్లారి 6 గంటలకు కూడా వాలి ఉంటేనే దాహం. తెల్లారి వాలి ఉండి, మట్టి తడిగా కూడా ఉంటే వేరు కుళ్లుతోంది, నీళ్లు ఆపండి.

మొక్క పెరిగేకొద్దీ పాదును బయటికి జరపాలి. కొమ్మల కొసలు ఎంత దూరం పోయాయో పాదు గట్టు అంత దూరం ఉండాలి. రెండేళ్ల గన్నేరుకు ఇంకా మొదట్లోనే నీళ్లు పోస్తుంటే పీల్చే వేళ్లకు అందదు.

డ్రిప్ ఉంటే కాండానికి అడుగు దూరంలో రెండు పక్కలా గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు పెట్టి, వారానికోసారి రెండు గంటలు వదలండి. రోజూ పది నిమిషాలు వదలడం పైపుతో చల్లడం లాంటిదే. బోరు నీళ్లకు డ్రిప్పర్లు తెల్లగా మూసుకుపోతాయి, విప్పి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెట్టి కడగండి.

ఎక్కువ ఊళ్లు తిరిగేవాళ్లకు కుండ పద్ధతి బాగుంటుంది. రంగు వేయని 5 లీటర్ల మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. గోడల గుండా మెల్లగా ఊరుతుంది. ఉప్పు నీళ్లకు కుండ రంధ్రాలు పూడుకుపోతాయి కాబట్టి ఏడాదికోసారి కుండ మార్చాల్సి రావచ్చు.

## 7. పైన కప్పు, చెదల సంగతి

ఎండ నేరుగా మట్టికి తగలకుండా మూడు అంగుళాల మందం కప్పు వేస్తే నీళ్ల గడువు పెరుగుతుంది. కొనాల్సిన పని లేదు. వనపర్తి, గద్వాల వైపు వేరుశనగ పొట్టు, మిర్యాలగూడ వైపు వరిగడ్డి, ఎక్కడైనా వేప, కానుగ ఆకు చెత్త దొరుకుతాయి. ఊక ఒక్కటే వేస్తే గాలికి లేస్తుంది, వానకు తేలుతుంది. దాన్ని ఆకు చెత్త కింద వేయండి.

చల్కాలో ఎండు చెత్త వేస్తే చెదలు వస్తాయన్న భయం నిజమే. కప్పును కాండానికి నాలుగు అంగుళాల ఎడంగా ఉంచండి. నెలకోసారి చెత్త ఎత్తి చూడండి. కాండం మీద మట్టి గూడు కనిపిస్తే గీకేసి, చుట్టూ గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి తడపండి. అడీనియం, యూఫోర్బియాకు చెత్త వద్దు, గులకరాళ్లు పరవండి.

## 8. ఎరువు

ఏడాదికి ఒక్కసారి, వానకాలం మొదట్లో. పొదకు 3 నుంచి 5 కిలోల మాగిన పెంట, 200 గ్రాముల వేపపిండి. పాదు అంచున మట్టిలో కలపండి. అంతే.

యూరియా వేయొద్దు. ఆకు ముదురు పచ్చగా ఏపుగా వస్తుంది, పూలు తగ్గుతాయి, మెత్తటి చిగురుకు పేనుబంక పడుతుంది, ఎండకు ఆ చిగురే ముందు వాడుతుంది.

## 9. కత్తిరింపు ఎప్పుడు, ఎంత

- గన్నేరు, నందివర్ధనం, రత్నగంధి: జూన్, జూలైలో మూడో వంతు.
- కాగితం పూలు: వానకాలం మొదట్లో గట్టిగా. తర్వాత పూల విడత అయిపోయినప్పుడల్లా కొసలు మాత్రమే. వానలు వెళ్లాక రెండు మూడు వారాలు నీళ్లు బాగా తగ్గించండి, మొగ్గ వస్తుంది.
- తంగేడు: జూన్‌లో కొసలు తుంచండి, గుబురుగా వస్తుంది. ఆగస్టు దాటాక ముట్టొద్దు, బతుకమ్మకు పూలుండవు.
- డిసెంబర్ పూలు: పూత అయిపోయాక, జనవరి, ఫిబ్రవరిలో.
- మల్లె: నవంబర్‌లో నీళ్లు ఆపి, డిసెంబర్, జనవరిలో కత్తిరించి, ఆకు దూసి, పెంట వేసి మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి.
- అడీనియం: ఫిబ్రవరి, మార్చిలో.
- దేవగన్నేరు: ఎండిన కొమ్మ తప్ప ఏమీ తీయొద్దు.

మార్చి చివరి నుంచి మే దాకా ఏ పొదనూ గట్టిగా కొట్టొద్దు. నీడనిచ్చే ఆకు పోయి కాండం బెరడు కాలుతుంది.

## 10. చిక్కు వస్తే

లేత ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ఇనుము అందట్లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వారం, పది రోజుల తర్వాత ఇంకోసారి. వాన నీళ్లు పాదుకు మళ్లించకపోతే మళ్లీ వస్తుంది.

ముదురు ఆకు అంచులు, కొసలు మాడుతున్నాయి. ఉప్పు పేరుకుంది. రోజూ కొంచెం పోయడం మాని, ఒకేసారి ఎక్కువ పోసి కిందికి దించండి.

గన్నేరు, నందివర్ధనం ఆకులు ఒక్క రాత్రిలో మాయం. కింద నల్లటి రెట్టలుంటే మూడు అంగుళాల ఆకుపచ్చ గొంగళి పురుగు ఉంటుంది, తల దగ్గర నీలం కళ్లలాంటి మచ్చలుంటాయి. ఏరి పారేయండి, మందు అక్కర్లేదు.

గన్నేరు చిగుళ్ల మీద పసుపు రంగు పేను. గట్టిగా నీళ్లు కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఎండ తగ్గాక చల్లండి. మందారం మీద పిండినల్లికీ ఇదే, కానీ ముందు బాగా పట్టిన కొమ్మలు కోసి, చీమల దారి తెంపండి. చీమలే వాటిని మోసుకొస్తాయి.

బిళ్ళగన్నేరు వానల్లో ఉన్నట్టుండి వాలి, మొదలు నల్లబడింది. కుళ్లు. పీకేసి దూరంగా పడేయండి. అదే చోట మళ్లీ అదే మొక్క పెట్టొద్దు, మడి ఎత్తు చేయండి.

అడీనియం మొదలు మెత్తబడింది. వెంటనే కుండీ నుంచి తీసి, మెత్తటి భాగం గట్టి తెల్లటి కండ కనిపించేదాకా కోసేసి, నీడలో వారం ఆరబెట్టి, పొడి ఇసుక మిశ్రమంలో పెట్టండి. వానకాలంలో ఈ కుండీలు చూరు కిందికి జరపాలి.

కాగితం పూలకు ఆకులే, పూలు లేవు. నీళ్లు ఎక్కువ, లేదా ఎండ తక్కువ. రెండూ సరిచూడండి, మందుల జోలికి వెళ్లొద్దు.

## 11. సొంతంగా మొక్కలు చేసుకోవడం

గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు, డిసెంబర్ పూలు కొమ్మలతో వస్తాయి. జూలైలో పెన్సిల్ లావు కొమ్మ, 6 నుంచి 8 అంగుళాలు కోసి, పైన రెండు ఆకులు ఉంచి, ఇసుక, మట్టి సగం సగం కలిపిన కవర్‌లో నీడలో పెట్టండి. కాగితం పూలు కొంచెం మొండి, పది పెడితే నాలుగు వచ్చినా మంచిదే అనుకోండి.

దేవగన్నేరు వేరేలా చేయాలి. ఫిబ్రవరి, మార్చిలో అడుగు పొడవు కొమ్మ కోసి, పాలు ఆరేలా వారం, పది రోజులు నీడలో వదిలేసి, ఆ తర్వాత నాటండి. పచ్చిగా పెడితే కుళ్లుతుంది.

బిళ్ళగన్నేరు గింజ వెలుతురు తగలకుండా ఉంటే బాగా మొలుస్తుంది. పలుచగా మట్టి చల్లి తడి గోనెసంచి కప్పండి, మొలక కనిపించగానే తీసేయండి.

తంగేడుకు: చలికాలంలో ఎండిన కాయలు రోడ్డు పక్క పొదల నుంచి తెచ్చి గింజలు తీసి పెట్టుకోండి. గింజ పెంకు గట్టిది. జూన్‌లో, మరిగించి దించిన నీళ్లు గింజల మీద పోసి, ఆ నీళ్లలోనే రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే పని చేయండి. తల్లివేరు సూటిగా దిగే మొక్క కాబట్టి కవర్‌లో కన్నా నేరుగా గుంతలోనే మూడేసి గింజలు, అర అంగుళం లోతులో పెట్టడం మేలు. జానెడు ఎత్తు అయ్యాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి మొదటికి కత్తిరించండి. పీకితే ఉంచిన మొక్క వేరు కూడా కదులుతుంది.